సెమినార్ మధ్యలో మాట ఆగిపోతోంది

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. నేలలో తేమను బట్టి మోటారు దానంతటదే ఆన్ అయ్యే డ్రిప్ పద్ధతి మా ప్రాజెక్ట్. మొదటి రివ్యూలో రెండు నిమిషాలకే నోరెండిపోయి, తర్వాతి వాక్యం గుర్తురాక ఆగిపోయాను. మూడు వారాల్లో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు పది నిమిషాలు చెప్పాలి. ఇంట్లో ప్రాక్టీస్ చేస్తుంటే అన్నయ్య నా ఇంగ్లీషును వెక్కిరిస్తున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ఆ రోజు మిమ్మల్ని ముంచింది ఇంగ్లీషు కాదు, బట్టీ. పదమూడో ఎక్కం మధ్యలో తప్పితే మళ్లీ మొదటి నుంచి అందుకోవాల్సి వస్తుంది చూశారా, అదే జరిగింది. ఈసారి మొదటి రెండు వాక్యాలు, ఆఖరి వాక్యం మాత్రమే కంఠతా పట్టండి. గుండెదడ ఎక్కువగా ఉండేది మొదటి ఒకటి రెండు నిమిషాలే. అంతవరకు నోటికి వచ్చిన మాటలు ఆదుకుంటాయి.

మిగతాది మీ చేతులతో చేసిన పనే కాబట్టి బొమ్మ చూపిస్తూ చెప్పండి. బ్లాక్ డయాగ్రమ్ దగ్గర 'సాయిల్ డ్రైస్. సెన్సర్ రీడింగ్ చేంజెస్. కంట్రోలర్ కంపేర్స్ ఇట్ విత్ అవర్ లిమిట్. రిలే స్విచెస్ ఆన్ ది మోటార్.' ఇంతే ఇంగ్లీషు చాలు. చిన్న వాక్యంలో తప్పు దొర్లినా అర్థం చెడదు. పొడుగు వాక్యం మొదలుపెడితేనే క్రియ దగ్గర చిక్కుకుంటాం.

పది నిమిషాలకు ఎనిమిది స్లైడ్లు దాటొద్దు. నెమ్మదిగా మాట్లాడితే నిమిషానికి వంద మాటలు, అంటే మొత్తం వెయ్యి. చాలామంది నాలుగు నిమిషాలు ఉపోద్ఘాతానికే తగలేస్తారు. వ్యవసాయం దేశానికి వెన్నెముక అన్న ముక్క ఆ ఎగ్జామినర్ పొద్దున్నుంచి ఎన్ని బ్యాచ్‌ల దగ్గర విని ఉంటారో! ఉపోద్ఘాతం ఒక్క నిమిషంలో ముగించి, డయాగ్రమ్‌కు రెండు, ఫలితాలకు మూడు నిమిషాలు ఉంచుకోండి.

స్లైడ్లను మనసులో చదువుకుంటే ప్రాక్టీస్ కాదు. ఏడు నిమిషాలే అనిపించింది నోటితో చెబితే పది దాటిపోతుంది. నిలబడి, గట్టిగా, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చెప్పండి. మొదటి వారం డాబా మీద ఒక్కరే, రెండో వారం వేరే బ్రాంచ్ స్నేహితురాలి ముందు, మూడో వారం వీలైతే అదే సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ వేసి రెండుసార్లు. స్లైడ్లను పీడీఎఫ్‌గా కూడా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, వేరే కంప్యూటర్‌లో ఫాంట్లు చెదిరిపోవడం మామూలే.

చేతుల వణుకు పూర్తిగా పోదు, పోనవసరం లేదు. మీకు తెలిసినంతగా అది ఎదుటివాళ్లకు కనిపించదు. అయితే పల్చని ఏ4 కాగితం, లేజర్ పాయింటర్ దాన్ని పదింతలు చేసి చూపిస్తాయి. పోస్టుకార్డు సైజు అట్ట ముక్కల మీద ఒక్కో స్లైడ్‌కు మూడు మాటలు రాసుకోండి. మీ పేరు పిలిచే ముందు నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, అలా ఐదుసార్లు. మాట ఆగితే ఒక గుక్క నీళ్లు తాగి, స్లైడ్ శీర్షిక చదివి ముందుకెళ్లండి. మీకు యుగంలా అనిపించేది వాళ్లకు మూడు సెకన్లే. వణుకు తగ్గే మాత్ర అని ఎవరైనా ఇస్తే డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు. వాటిలో కొన్ని ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదం.

ప్రశ్నల్లో 'ఈ సెన్సరే ఎందుకు?' అనేది రావచ్చు. రెండు పుల్లలు బయటికి కనిపించే రెసిస్టివ్ రకమైతే, తడి మట్టిలో కరెంటు పారి ఆ పుల్లల లోహం కొన్నాళ్లకు అరిగిపోతుంది. కెపాసిటివ్ రకంలో ప్లేట్లు మట్టికి నేరుగా తగలవు కాబట్టి ఆ బాధ తక్కువ. మీరు ఏది వాడారో, ఎందుకు వాడారో చూసుకెళ్లండి. తెలియనిది అడిగితే 'వి హావ్ నాట్ టెస్టెడ్ దట్, సర్' అనండి. దానికంటే అల్లిన జవాబుకే మార్కులు ఎక్కువ పోతాయి.

ఇక అన్నయ్య. ఇంగ్లీషు సంగతి వదిలేసి వాచీ అతని చేతికివ్వండి. 'మోటారు ఎందుకు ఆన్ అవుతుందో అర్థమైందా, లేదా? అదొక్కటి చెప్పు అన్నయ్యా' అనండి. అప్పటికీ వెక్కిరింపు మానకపోతే ఈ మూడు వారాలు అతను ఇంట్లో లేనప్పుడే ప్రాక్టీస్ చేసుకోండి.