పిల్లికూనకు నీళ్లు తాగించకు, తినిపించు

చిన్నారీ,

నువ్వు పంపిన పిల్లికూన ఫోటోలు చూశాను. ఆవులించినప్పుడు తీసిన ఫోటోలో కోరపళ్లు కనిపిస్తున్నాయి, పక్క పళ్లు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నాయి. అంటే ఐదు వారాలకు అటూ ఇటూగా ఉంటుంది. సరిగ్గా పాలు మాన్పించే వయసు. నీళ్ల గిన్నె వైపు కన్నెత్తి కూడా చూడట్లేదని, డీహైడ్రేషన్ అయిపోతుందేమోనని టెన్షన్ పడుతున్నావు. గిన్నె సంగతి కాసేపు పక్కన పెట్టు. ఈ వయసులో కూనకు నీళ్లు తిండిలోంచే వెళ్లాలి.

పిల్లులకు మొదట్నుంచీ దాహం తక్కువే. మన ఇళ్లలో పిల్లులన్నీ ఆఫ్రికా, పశ్చిమాసియా మెట్టనేలల్లో తిరిగిన అడవిపిల్లి సంతతి. ఎలుకనో పిట్టనో పట్టి తింటే అందులో ఉండే నీటితోనే సరిపెట్టుకుని, చిక్కటి మూత్రం పోసి ఒంట్లో నీరు దాచుకున్న జాతి అది. పైగా నీ కూనకు నిన్నమొన్నటి దాకా తల్లి పాలే తిండి, అవే నీళ్లు. గిన్నెలోంచి నాలుకతో గతకడం దానికింకా సరిగ్గా రాదు. అలవాటు పడటానికి మూడు నాలుగు వారాలు పట్టినా కంగారు లేదు. ఆ లోపు నీరు లోటు రాకుండా చూడటమే నీ పని.

పెట్ షాపులో పిల్లికూనల పాలపొడి దొరుకుతుంది, అది తెచ్చుకో. డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే గోరువెచ్చని నీళ్లలో కలుపు. చిక్కగా ఉంటే బలమని ఒక చెంచా ఎక్కువ వేశావో, మలబద్ధకం పట్టుకుంటుంది. దానితోపాటు 'కిట్టెన్' అని రాసి ఉన్న మెత్తటి తిండి పౌచ్ తీసుకో. పెద్ద పిల్లులది వద్దు, కుక్కలది అసలు వద్దు. మొదటి రెండు మూడు రోజులు ఒక వంతు తిండికి రెండు వంతుల పాలు పోసి, వేలితో మెదిపి, పసిపిల్లల ఉగ్గులా జారుగా చెయ్యి. రోజులు గడిచే కొద్దీ పాలు తగ్గించు. తర్వాత పాల బదులు కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్లు కలుపు. మెత్తటి తిండిలో ముప్పాతిక వంతు పైగా నీరే ఉంటుంది, పొడి గింజల్లో పదో వంతు కూడా ఉండదు. అందుకే గింజల ప్యాకెట్ ఇప్పుడే విప్పకు. తప్పనిసరైతే వేడినీళ్లలో అరగంట నానబెట్టి, చల్లారాక మెదిపి పెట్టు.

పెట్టే పద్ధతి చెబుతాను. అంచు లేని సాసర్ తీసుకో. లోతు గిన్నెలో అయితే ముక్కు మునుగుతుంది. నీ వేలి కొసకు కాస్త ఉగ్గు రాసుకుని దాని పెదవులకు తగిలించు. నాకడం మొదలెట్టాక వేలు మెల్లగా కిందికి దించుతూ సాసర్‌లోకి తీసుకురా. వేలి వెంట మూతి కూడా దిగుతుంది. ముందు కాళ్లు రెండూ సాసర్‌లో పెట్టేస్తుంది, గడ్డమంతా పూసుకుంటుంది, తుమ్ముతుంది. కంగారుపడి తుడవడానికి లాగకు, తిననివ్వు. అయ్యాక తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్దు. తల పట్టి మూతి ముంచడం మాత్రం ఎవరినీ చెయ్యనివ్వకు. ముక్కులోకి పోతే ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది.

సిరంజి విషయంలోనూ అదే భయం. పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో నీళ్లు కొట్టేస్తుంటారు, న్యుమోనియా వచ్చేది అక్కడే. సిరంజితో పట్టాల్సి వస్తే బోర్లా, నాలుగు కాళ్ల మీద ఉన్నట్టే ఉంచి, నోటి పక్క నుంచి చుక్క చుక్కగా వెయ్యి. మింగాక మరో చుక్క. ఒళ్లు చల్లగా ఉన్న కూనకు పాలు కానీ నీళ్లు కానీ పట్టకూడదు. ముందు గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి వెచ్చబడనివ్వు.

మీ అత్తగారు పాలన్నం పెట్టమన్నారని రాశావు. మనవాళ్లంతా అలాగే పెట్టేవారు, ఆవిడ తప్పేం లేదు. కానీ పిల్లి పాలలో మాంసకృత్తులు ఆవు పాలలో కంటే సుమారు రెట్టింపు. పైగా పాలలోని చక్కెరను అరిగించుకునే శక్తి ఈ వయసు నుంచి తగ్గుతూ వస్తుంది. ఆవు పాలైనా గేదె పాలైనా విరేచనాలు పట్టుకుంటే, లోపలికి వెళ్లిన దానికంటే బయటికి పోయే నీరే ఎక్కువవుతుంది. డాక్టరు గారు వద్దన్నారని చెప్పెయ్, గొడవుండదు. ఆవిడ చేతి చికెన్ పులుసు కూడా వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల రక్తాన్ని పాడుచేస్తాయి. ఉప్పూ కారం ఏమీ వెయ్యకుండా ఉడకబెట్టిన చికెన్ నీళ్లు, పైన తేరిన కొవ్వు తీసేసి, ఒక చెంచా ఉగ్గులో కలపొచ్చు. ఆ వాసనకి సాసర్ వదలదు.

రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టు. మన ఎండలకు కలిపిన తిండి గంట కూడా ఆగదు, మిగిలింది పారెయ్యాల్సిందే. సాసర్లు గిన్నెల సబ్బుతో కడిగితే చాలు. ఫినాయిల్ మాత్రం దాని గదిలో వాడకు. పాదాలకు అంటింది నాకేస్తుంది, పిల్లులకు అది విషం.

నీరు సరిపోతోందో లేదో తెలియడానికి చర్మం పట్టి లాగి చూడమని అందరూ చెబుతారు. పెద్ద పిల్లికైతే సరే కానీ ఇంత చిన్నవాటిలో ఆ పరీక్షను నమ్మలేం. పెదవి ఎత్తి చిగురు మీద వేలు పెట్టు. జారుతూ తడిగా ఉంటే బాగున్నట్టు, వేలికి అతుక్కుంటే నీరు తగ్గినట్టు. మూత్రం లేత రంగులో ఉండాలి, ముదురు పసుపైతే తక్కువైందన్నమాట. విసర్జన గట్టి ఉండల్లా వచ్చినా అంతే. వంటింటి డిజిటల్ కాటా మీద రోజూ ఒకే వేళకు తూచి రాసిపెట్టు. ఐదు వారాల కూన సుమారు అరకిలో ఉంటుంది, రోజుకు పది పదిహేను గ్రాములు పెరగాలి. పెరగకుండా ఆగిందంటే ఏదో తేడా ఉన్నట్టే. తగ్గితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లు.

విరేచనాలు, వాంతులు, కళ్లు లోపలికి పోవడం, పిలిచినా లేవకపోవడం, వీటిలో ఏది కనిపించినా రేపు చూద్దాంలే అనుకోకు. ఇంత చిన్న ప్రాణం ఒక్క రాత్రిలో జారిపోతుంది. డాక్టర్లయితే చర్మం కింద సెలైన్ ఎక్కిస్తారు, ఇంట్లో మనం పట్టే చుక్కలు ఆ పని చెయ్యవు. మీ హైదరాబాద్‌లోనే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. అయినా రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ ఒకటి మీ దగ్గర్లో ఇప్పుడే కనుక్కుని పెట్టుకో. జబ్బేమీ లేకపోయినా ఈ వారంలో ఒకసారి తీసుకెళ్లి నులిపురుగుల మందు వేయించు. వీధి కూనల్లో విరేచనాలు తరచూ వాటివల్లే వస్తాయి.

నీళ్ల గిన్నె తీసెయ్యమని మాత్రం అనట్లేదు. తిండికి దూరంగా, అది విసర్జనకు వెళ్లే మట్టి పెట్టెకు ఇంకా దూరంగా, రెండు చోట్ల పెట్టు. శనివారం మీ పెదనాన్న హైదరాబాద్ వస్తున్నారు, రెండు మట్టి మూకుళ్లు ఇచ్చి పంపిస్తున్నాను. ఒక పూట నీళ్లలో నానబెట్టి వాడు. వాటిలో పాలు పొయ్యకు, మట్టి పీల్చుకుని వాసన వస్తుంది. నీళ్లు రోజుకు రెండుసార్లు మార్చు. వచ్చే ఆదివారానికి దాని బరువెంతో రాయి.

పెద్దమ్మ