పాయింట్లు వేసే కుర్రాణ్ణి ఎందుకు కూర్చోబెడతారు?

బాస్కెట్‌బాల్ జట్టులో అందరికంటే ఎక్కువ పాయింట్లు వేసేది మీ అబ్బాయే అయినా, ఆఖరి అయిదు నిమిషాల్లో మాస్టారు అతన్ని బయటికి పిలిచేస్తున్నారని రాశారు. 'రెండు వైపులా ఆడేవాడు కావాలి' అన్న ఆయన మాటకు అర్థమేమిటని అడిగారు. ఆ బల్ల మీద నేనూ కూర్చున్నాను. నరసాపురంలో ఇంటర్ చదివే రోజుల్లో మా జట్టుకు ఎక్కువ పాయింట్లు వేసింది నేనే, మ్యాచ్ బిగిసినప్పుడు బయటికి వచ్చేసిందీ నేనే. మాస్టారికి నేనంటే పడదని ఇంట్లో చెప్పుకుని ఏడ్చాను కూడా.

మేము ఆడింది సిమెంటు కోర్టు మీద. దాళ్వా కోతలు మొదలయ్యాయంటే సగం కోర్టులో ధాన్యం ఆరబోసేవారు. మిగిలిన సగంలో ఒకే బోర్డుకు ఆడుకునేవాళ్లం. అలా ఆడితే షాటు బాగానే కుదురుతుంది కానీ, షాటు వేశాక వెనక్కి పరుగెత్తడం ఒంటికి పట్టదు. (తప్పు ధాన్యం మీదకు నెట్టడం లేదు. అదే కోర్టులో ఆడినవాళ్లు పరుగెత్తారు మరి.)

ఒకసారి చీలమండ బెణికి మూడు మ్యాచ్‌లు ఆడలేకపోయాను. మాస్టారు నా చేతిలో ఒక నోటుపుస్తకం పెట్టి, ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్లారో, ఎప్పుడు బయటికి వచ్చారో, ఆ రెండు సమయాల్లోనూ స్కోరు ఎంతో రాయమన్నారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ స్కోరు పట్టికల్లో ప్లస్-మైనస్ పేరుతో ఉండే గడి ఇదేనని చాలా కాలానికి తెలిసింది. మా జట్టులో సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చే కుర్రాడు ఒకడుండేవాడు. మ్యాచ్‌కు 6 పాయింట్లు వేస్తే గొప్ప. మూడు మ్యాచ్‌లలోనూ అతను కోర్టులో ఉన్నంతసేపూ మాదే పైచేయి. కాలు నయమై నేను తిరిగి ఆడిన రోజు పుస్తకం ఇంకొకరి చేతికి వెళ్లింది. ఆ రోజు నేను 18 పాయింట్లు వేశాను. నేను ఆడిన సమయంలో మా జట్టు అవతలి జట్టు కంటే 7 పాయింట్లు తక్కువ వేసింది.

ఒక్క మ్యాచ్ లెక్కతో ఎవరి మీదా తీర్పు చెప్పకూడదు. పక్కనున్న నలుగురి మంచిచెడ్డలు కూడా అందులో కలిసే ఉంటాయి. కానీ ఆ 7 ఎలా పోయాయో మాస్టారు వివరించాక నాకు నోరు పెగల్లేదు. అవతలి జట్టు నా మనిషినే, అంటే నేను కాపలా కాసేవాణ్ణే, పిలిచి స్క్రీన్ పెట్టించేది: బంతి ఉన్నవాణ్ణి కాపలా కాసే మావాడి దారికి అతను అడ్డంగా నిలబడేవాడు. దాంతో వాళ్లలో చురుకైన కుర్రాడు నా ఎదుటికి వచ్చేవాడు. నా కాళ్లు కదిలేలోపు అతను నన్ను దాటేసేవాడు. నన్ను కాపాడటానికి రింగ్ దగ్గరున్న మావాడు తన మనిషిని వదిలి ముందుకు వచ్చేవాడు. బంతి ఆ ఖాళీగా ఉన్నవాడికి చేరేది. పాయింట్లు వేసింది వేరొకరి మనిషి కాబట్టి తిట్లు ఆ వేరొకరికి పడేవి. నా అప్పు వాడి ఖాతాలో రాసినట్టన్నమాట. మూడేళ్లుగా ఇదే జరుగుతున్నా ఆ సంగతి నాకే తెలియదు.

క్రికెట్‌లో ఆఖరి వికెట్టుగా వచ్చే బౌలర్ బ్యాట్ పట్టుకోవడం రాకపోయినా ఎవరూ ఏమీ అనరు. ఈ ఆటలో ఆ వెసులుబాటు లేదు. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పున్న కోర్టులో ఉన్నది అయిదుగురే. 24 సెకన్లలోపు షాటు వేయాలి, వెంటనే వేషం మారిపోతుంది. కబడ్డీ ఆడినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది: కూతకు వెళ్లి వచ్చినవాడు ఊపిరి తీసుకునేలోపే పట్టుకు నిలబడాలి. అందుకే రెండు వైపులా, అంటే ఎటాక్‌లోనూ డిఫెన్స్‌లోనూ, విలువైన ఆటగాడంటే నా లెక్కలో మాస్టారు ఏ వైపూ దాచుకోవాల్సిన పని లేనివాడు. రెండు చోట్లా అందరికంటే మొనగాడు కానక్కర్లేదు.

సఖినేటిపల్లి కుర్రాడి షాటు చూడముచ్చటగా ఉండేది కాదు. అయినా మూలన ఖాళీగా వదిలేస్తే వేసేవాడు. అందుకని అతని కాపలాదారు కదలడానికి జంకేవాడు, ఆ మేరకు రింగ్ కింద నాకు చోటు దొరికేది. ఇది చిన్న విషయం కాదు. డిఫెన్స్ మాత్రమే వచ్చినవాణ్ణి ఎటాక్‌లో ఎవరూ పట్టించుకోరు, వాడి కాపలాదారు వెళ్లి ఇంకొకరి మీద పడతాడు. అంటే ఒక వైపే ఆడేవాడు, ఆ వైపు ఏదైనా సరే, తోటివారి పని బరువెక్కిస్తాడు.

ఇక బంతి పోయిన క్షణంలో నేను రిఫరీ వైపు చేతులు చాచి నిలబడితే, అతను అప్పటికే సగం కోర్టు దాటి ఉండేవాడు. పైగా గొంతు! ఒడ్డు నుంచి పడవవాళ్లను కేకేసి పిలిచి అలవాటైన గొంతు కాబోలు, 'ఎడమ పక్క స్క్రీన్!' అని అరిస్తే బయట సైకిల్ మీద పోయేవారు కూడా ఎడమ పక్కకు చూసేవారు. బంతి కోసం ఎగబడేవాడు కాదు. చేతులు పైకెత్తి, పాదాలు కదుపుతూ ఎదుటివాడికి దారి మూసేవాడు. అందుకే 5 ఫౌళ్లతో బయటికి వెళ్లిన రోజు నాకు గుర్తు లేదు.

ఆ పాదాలే రెండు వైపులకూ ఉమ్మడి ఆస్తి అని నా నమ్మకం. ఎన్‌బీఏలో ఆడిన హకీమ్ ఒలాజువాన్ నైజీరియాలోని లాగోస్‌లో చిన్నప్పుడు ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌గా నిలబడ్డాడు, హ్యాండ్‌బాల్ ఆడాడు, బాస్కెట్‌బాల్ ఆ తర్వాతే. పోస్ట్‌లో, అంటే రింగ్ దగ్గర, మనిషిని బోల్తా కొట్టించిన ఆ అడుగులే షాట్లను బ్లాక్ చేయడానికీ పనికొచ్చాయి. 1993-94 సీజన్‌లో ఎన్‌బీఏ అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం, ఉత్తమ డిఫెన్స్ ఆటగాడి పురస్కారం, ఫైనల్స్‌లో అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం మూడూ అతనివే. ఎన్‌బీఏలోనే ఆడిన మైకేల్ జోర్డాన్ 1987-88లో సగటున మ్యాచ్‌కు 35 పాయింట్లు వేసి, అదే ఏడాది ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగానూ నిలిచాడు. మన పిల్లలు జోర్డాన్ గాల్లో తేలిన వీడియోలే చూస్తారు, అతను నడుం వంచి కాపలా కాసినవి చూడరు.

మీ అబ్బాయి విషయంలో మాస్టారితో మాట్లాడే ముందు ఒక పని చేయండి. వచ్చే మ్యాచ్‌లో ఒక పది నిమిషాల క్వార్టరంతా బంతిని వదిలేసి అతన్నే చూడండి. మొదట్లో విసుగ్గా ఉంటుంది, కళ్లు వాటంతట అవే బంతి వెంట పోతాయి. బంతి పోగానే మొదటి రెండు అడుగులు ఎటు వేస్తున్నాడు? షాటు లేవగానే ఎదుటివాడికి వీపు ఆనించి, రీబౌండు (రింగ్‌కు తగిలి తిరిగొచ్చే బంతి) అతనికి అందకుండా అడ్డంగా నిలుస్తున్నాడా, నిలబడి పైకి చూస్తున్నాడా? బంతి చేతిలో లేనప్పుడు ఎటాక్‌లో ఏం చేస్తున్నాడు? పాయింట్లు రాయకండి, ఇవే రాయండి. ఆ కాగితం మాస్టారికి కాదు, ముందు మీ అబ్బాయికి చూపించండి. నాకు ఆ నోటుపుస్తకం చూపించిన రోజు రెండు పూటలా అన్నం సయించలేదు, మూడో రోజు నుంచి మాత్రం కోర్టుకు అందరికంటే ముందు వెళ్లాను.