పిల్లల హోంలో అడుగు పెట్టబోయే నీకు

అనంతపురం

అమ్మలూ,

నువ్వు పంపిన ప్రశ్నావళి అందింది. రెండుసార్లు చదివాను. కడపలో హోం పిల్లల మీద పీహెచ్‌డీ చేస్తానని నువ్వు ఫోన్లో చెప్పిన రోజు నాకెంత సంతోషమైందో మీ అమ్మనడుగు. ముప్పై ఏళ్లు ఈ పిల్లల మధ్య తిరిగినదాన్ని, నా తర్వాత మన ఇంట్లో ఇంకొకరు ఆ గడప తొక్కుతున్నారు. అందుకే మొహమాటం పెట్టుకోకుండా రాస్తున్నాను.

మొదటి పేజీలోనే ‘నీ తల్లిదండ్రులు ఎలా చనిపోయారు?’ అని అడిగావు. అది తీసెయ్. హోంలో ఉన్నవాళ్లంతా అమ్మానాన్న లేనివాళ్లు కారు. చాలామందికి ఇద్దరిలో ఒకరు ఉంటారు, కొందరికి ఇద్దరూ ఉంటారు. మన సీమ సంగతి నీకు తెలియనిదా? కోసిగి, కౌతాళం వైపు వానల్లేని ఏడాది ఊళ్లకు ఊళ్లు మిరప కోతలకు గుంటూరు బండెక్కుతాయి. మన అనంతపురం పల్లెల నుంచి బెంగళూరు పోతారు. రాయచోటి, రాజంపేట వైపు ఆడవాళ్లు కువైట్ పోతారు. పిల్లలు జేజి దగ్గరో, మేనమామ దగ్గరో ఉంటారు. ఆ ఆధారం కూడా కదిలితే అప్పుడు హోం. అందరినీ కలిపి అనాథలు అనేస్తే మన పని మొదట్లోనే తప్పుతుంది.

ఒక పాప సంగతి చెబుతాను. ఊరు చెప్పను, పేరు అసలే చెప్పను. ఏడేళ్లుంటాయి. బస్టాండులో ఒక్కతే కనిపిస్తే తీసుకొచ్చారు. ఎవరో ఫైల్లో ‘తల్లి వదిలేసింది’ అని రాశారు. ఆ ఫైలు ఏ బల్ల మీదికి వెళ్ళినా అక్కడ మళ్ళీ అదే ముక్క ఎత్తి రాశారు. పేపర్లో ప్రకటన కూడా వేశారు. రెండేళ్లు దాటిన పిల్లలైతే, దత్తతకు ఇవ్వవచ్చో లేదో బాలల సంక్షేమ కమిటీ నాలుగు నెలల్లో తేల్చాలి. ఆ గడువు దగ్గర పడింది. ఒకరోజు నేను ఊరికే కూర్చుని ఆ పాపకు జడ వేస్తున్నాను. ‘మా జేజి ఇంత గట్టిగా లాగదు’ అంది. చేతిలో దువ్వెన అలాగే ఆగిపోయింది. అంతకు ముందు ‘నీకెవరున్నారు?’ అని అడిగిన ప్రతిసారీ ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఎందుకంటే అడిగింది అమ్మానాన్నల గురించి. జేజి గురించి ఎవరూ అడగలేదు.

వెతికితే జేజి పక్క జిల్లాలో దొరికింది. పిల్ల సంతలో తప్పిపోయి తెలియని బస్సెక్కింది. తల్లి కువైట్‌లో ఇళ్లల్లో పని చేస్తూ నెలనెలా డబ్బు పంపుతోంది. ఆ ముసలమ్మకు చదువు రాదు, ఇక పేపరు ప్రకటన ఏం చూస్తుంది? కావాలని అబద్ధం రాసినవాళ్లు ఎవరూ లేరు. ఒకరు రాసింది ఇంకొకరు నమ్మారు, అంతే. కొంచెం ఉంటే ఆ తల్లికి బిడ్డ దక్కేది కాదు.

కాబట్టి నోట్సు రాసేటప్పుడు నువ్వు చూసింది ఒకచోట, ఎవరో చెప్పింది ఒకచోట, నీకు అనిపించింది ఇంకోచోట రాసుకో. ‘వదిలేసింది’ అని రాయకు. ‘ఫలానా తేదీన ఫలానా బస్టాండులో ఒంటరిగా కనిపించింది’ అని రాయి. ‘మొండివాడు’ అని రాయకు. ‘మూడు పూటలు అన్నం ముట్టలేదు’ అని రాయి. రేపు ఆ పిల్లవాడు పెద్దవాడై ఆ కాగితం చేతిలోకి తీసుకోవచ్చు. వాడు చదవగలిగేలా ఉండాలి.

ఇక నేను చేసిన తప్పు. గుంతకల్లు ప్లాట్‌ఫాం మీద దొరికిన పిల్లవాడు ఒకడు ఉండేవాడు. ఊరేదంటే రోజుకొక పేరు చెప్పేవాడు. మెల్లగా నాకు దగ్గరయ్యాడు. ఒక ఆదివారం వస్తానని చెప్పాను. ఇంట్లో పెళ్లిచూపులుండి వెళ్ళలేదు, కబురైనా పంపలేదు. వాడు తల దువ్వుకుని సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడ్డాడని ఆయమ్మ తర్వాత చెప్పింది. రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆ రెండు నెలలూ నేను వారం తప్పకుండా వెళ్ళి, వంటింటి మెట్ల మీద కూర్చుని శనక్కాయలు ఒలిచాను. ఒకరోజు వాడొచ్చి పక్కన కూర్చుని తనూ ఒలుస్తూ, ‘ఇక్కడ ఉగ్గాని ఎప్పుడూ చేయరా?’ అన్నాడు. అంతవరకు హైదరాబాద్ అని చెబుతున్నాడు. ఉగ్గాని అడిగేవాడు మనవైపు వాడే కదా. ఆదోని దగ్గర ఇల్లు దొరికింది. ఇంటికి పంపితే తాగి కొట్టే నాన్న ఉన్నాడని, అందుకే ఊరి పేరు దాచాడని అప్పుడు తెలిసింది. వాడి అబద్ధం వాడికి రక్ష. అందుకే వాణ్ణి ఆ ఇంటికి పంపలేదు, అమ్మమ్మ దగ్గరికి పంపాం.

నీకు ఎన్నిసార్లు వెళ్ళడం కుదురుతుందో ముందే లెక్కేసుకో. మొదటి రోజే పిల్లలకు చెప్పు. కేలెండర్ మీద రాసి చూపించు. ఆఖరి రోజు ఏదో కూడా చెప్పు. రాలేకపోతే ఫోన్ చేసి ఆ పిల్లతోనే మాట్లాడు, వార్డెన్‌తో చెప్పి ఊరుకోకు. దసరా, సంక్రాంతి సెలవుల్లో తప్పకుండా వెళ్ళు. అప్పుడు ఎవరూ తీసుకెళ్ళని నలుగురైదుగురు మిగులుతారు. నువ్వు వాళ్ల దగ్గర ఉండాలి.

అనుమతి విషయం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం పిల్లల తరఫున పెద్దవాళ్ల అనుమతి ఒక్కటే చాలదు, ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా అడగాలి. సంతకం తీసుకోవడం పెద్ద పనేం కాదు. పిల్ల ‘వద్దు’ అనగలగాలి, అది కష్టం. హోంలో ఉన్న పిల్లకు పెద్దవాళ్లకు వద్దని చెప్పే అలవాటు ఉండదు. నేను చేతికి ఒక గోళీ ఇచ్చేదాన్ని. జవాబు చెప్పాలని లేకపోతే బల్ల మీద పెట్టమనేదాన్ని. మొదట ఒక ఉత్తుత్తి ప్రశ్న అడిగి గోళీ పెట్టించి, ఆగి చూపించేదాన్ని. అప్పుడు నమ్ముతారు.

‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం ఎప్పుడూ మాటివ్వకు. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటోంది. అది రీసెర్చి చేసేవాళ్లకూ వర్తిస్తుంది. ‘నీకు ప్రమాదమున్న మాటైతే నేను ఇంకొకరికి చెప్పాల్సి వస్తుంది, ఎవరికి చెబుతానో ముందు నీకు చెబుతాను’ అని మొదట్లోనే అను. చెప్పాలా వద్దా అని ఆ పిల్లే నిర్ణయించుకుంటుంది.

రొమేనియాలో చేసిన బుకారెస్టు పరిశోధన నువ్వు చదివే ఉంటావు. సంస్థల్లో ఉన్న 136 మంది పసివాళ్లలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి ఏళ్ల తరబడి చూశారు. ఇంటికి చేరినవాళ్లు బాగా కోలుకున్నారు, రెండేళ్లలోపు వెళ్ళినవాళ్లు మరీను. మన 2015 బాలల న్యాయ చట్టం కూడా హోం ఆఖరి దారి అనే చెబుతుంది. అయితే మన దగ్గర ఆ పెంపుడు కుటుంబం ఎప్పటి నుంచో ఉంది. దాని పేరు జేజి, అవ్వ, పెద్దమ్మ. వాళ్లకు ఏం కావాలో అడిగినవాళ్లు తక్కువ. పిల్లల రక్షణకున్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ సాయం నెలకు 4,000 రూపాయలు ఉంది. అది అందిన అవ్వకు, అందని అవ్వకు పిల్లను పెంచడంలో ఏం తేడా వచ్చిందో చూడు. నన్నడిగితే నీ పీహెచ్‌డీ అదే కావాలి. కనీసం ఒక అధ్యాయం.

పద్దెనిమిది నిండి బయటికి వెళ్ళినవాళ్లను కూడా కలువు. ఇరవై ఒకటి దాకా సాయం ఇవ్వొచ్చని చట్టంలో ఉంది. అది వాళ్లలో ఎందరికి తెలుసో అడుగు.

ప్రశ్నావళి తిరిగి పంపుతున్నాను. అరవై ప్రశ్నల్లో ముప్పై ఎనిమిది కొట్టేశాను, కోపం తెచ్చుకోకు. వెనక పేజీ ఖాళీగా ఉంది. ‘ఇంట్లో నీకు జడ ఎవరు వేసేవారు?’ అని ఒక్కటి మాత్రం అక్కడ రాశాను, పెన్సిల్‌తో.

నీ పెద్దమ్మ