బోరు నీళ్లు, ఆరడుగుల ట్యాంక్, సిక్లిడ్లు: మీ లిస్టులో ఏం ఉంచాలి, ఏం తీసేయాలి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, రెండో ఫ్లోర్, హాల్లో 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ట్యాంక్ చేయిద్దామనుకుంటున్నారు. అందులో రెండు ఆస్కార్లు, ఒక ఫ్లవర్‌హార్న్, ఓ పాతిక "మిక్స్ ఆఫ్రికన్స్" (ఆఫ్రికా సరస్సుల చేపలు కలగలిపి), అందానికి నాలుగు ఏంజెల్స్, అన్నీ సిక్లిడ్లనే ఒకే కుటుంబం చేపలు. నీళ్లు బోరువి, టీడీఎస్ మీటర్ 700 చూపిస్తోంది కాబట్టి ఆర్వో పెట్టించాలా అని ఒక డౌటు, ట్యాంక్ ఈశాన్యం మూలకి పెట్టాలా అని ఇంకో డౌటు. నేను మియాపూర్ వైపు ఇలాంటి బోరు నీళ్లతోనే ఇదే సైజు ట్యాంక్ చాలా ఏళ్లుగా నడుపుతున్నాను కాబట్టి తెలిసింది చెప్తాను, కొంచెం పెద్దదే అవుద్ది.

ముందు ఆర్వో సంగతి. వద్దండి. ఆరొందల లీటర్ల ట్యాంక్‌కి వారం వారం మూడో వంతు నీళ్లు మార్చాలి, అంటే రెండొందల లీటర్ల ఆర్వో నీళ్లు, దానికి డ్రైనేజీలో పోయేవి ఇంకెన్నో, లెక్క మీరే వేసుకోండి. పైగా మీకున్న నీళ్లు ఆఫ్రికా సరస్సుల చేపలకి బాగా సరిపోయే రకం. మలావీ సరస్సు నీళ్ల పీహెచ్ సుమారు 7.8 నుంచి 8.6 మధ్య ఉంటుంది, టాంగన్యీకా అయితే ఇంకా పైన. టీడీఎస్ మాత్రం మలావీలో మీ బోరంత ఉండదు, అది ఒప్పుకోవాలి, కానీ మన దగ్గర దొరికేవన్నీ ట్యాంకుల్లో పుట్టి పెరిగిన చేపలే కాబట్టి కఠిన నీళ్లలో హాయిగా ఉంటాయి. అదే ఏంజెల్స్, డిస్కస్ లాంటి అమెజాన్ చేపలు కావాలంటే మీరు నీళ్లతో రోజూ కుస్తీ పట్టాలి. ఏ ఊళ్లో ఏ నీళ్లు వస్తాయో దాన్ని బట్టి చేపలు ఎంచుకోవడం తెలివైన పని, చేప ఫోటో చూసి దానికోసం నీళ్లు తయారుచేసుకుంటూ కూర్చుంటే రెండో ఎండాకాలానికి విసుగొచ్చేస్తుంది.

కానీ టీడీఎస్ మీటర్ ఒక్కటే చూసి ఊరుకోకండి. అది నీళ్లలో ఎంత కరిగుందో చెప్తుంది గానీ ఏం కరిగుందో చెప్పదు. కేహెచ్ (పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్ల లెక్క), పీహెచ్, నైట్రేట్ టెస్ట్ కిట్లు కొనండి. నైట్రేట్ ముఖ్యం, ఎందుకంటే మన దగ్గర చాలా బోర్లలో నైట్రేట్ ముందే ఉంటుంది, డ్రైనేజీ ఇంకడం వల్ల, ఎరువుల వల్ల. బోరు నీళ్లలోనే 40, 50 పీపీఎం ఉంటే మీరు ఎన్ని నీళ్లు మార్చినా ట్యాంక్‌లో అంతకన్నా తగ్గదు కదా, అప్పుడు జలమండలి నీళ్లు కలుపుకోవాల్సి వస్తుంది, వాటికి క్లోరిన్ ఉంటుంది కాబట్టి దాన్ని పోగొట్టే హైపో (సోడియం థయోసల్ఫేట్) వేయాలి. ఇంకోటి, బోరు నీళ్లు మోటర్ వేసిన వెంటనే టెస్ట్ చేస్తే పీహెచ్ తక్కువ చూపిస్తుంది, అందులో కరిగిన కార్బన్ డయాక్సైడ్ వల్ల. ఒక డ్రమ్ములో పట్టి రాత్రంతా ఎయిర్ పంప్ పెట్టి పొద్దున చూడండి, అసలు నంబర్ అదీ.

ఇక మీ లిస్టు. ఆస్కార్ అడుగు దాకా పెరుగుతుంది, దక్షిణ అమెరికాది, మాంసం తినే చేప. ఫ్లవర్‌హార్న్ అసలు ప్రకృతిలో లేనే లేదు, 1990ల్లో మలేషియా వాళ్లు క్రాస్ చేసి తయారుచేసిన చేప, అది ఒక్కతే ఒక ట్యాంక్‌లో ఉండాలి, జంట కూడా కష్టమే. మీ "మిక్స్ ఆఫ్రికన్స్" అంటే మ్బునాలు, మలావీ సరస్సు రాళ్ల మధ్య బతికే సిక్లిడ్లు, పాచి గీక్కుని తినేవి, చిన్నవే గానీ రోజంతా తరుముకుంటూ ఉంటాయి. ఏంజెల్ రెక్కలు వీటి మధ్య వారం కూడా మిగలవు. అంటే మీరు రాసింది ఒక ట్యాంక్ లిస్టు కాదండి, నాలుగు ట్యాంకుల లిస్టు. మీ నీళ్లకి, ఆ సైజుకి, హాల్లో రంగులు కదలాలన్న మీ కోరికకి మ్బునాలే కరెక్ట్, మిగతావన్నీ కొట్టేయండి.

బరువు గురించి మీరు అడగలేదు గానీ అసలు అడగాల్సింది అదే. ఆ ట్యాంక్ నిండా నింపితే 680 లీటర్లు, అంటే నీళ్లే 680 కిలోలు. గాజు, ఇసక, రాళ్లు, స్టాండ్, సంపు (ట్యాంక్ కింద పెట్టే ఫిల్టర్ తొట్టి) కలిపితే టన్ను దాటొచ్చు. ఇళ్ల స్లాబుని మామూలుగా చదరపు మీటరుకి 200 కిలోల లైవ్ లోడ్‌కి (మనుషులు, సామాన్ల బరువుకి) డిజైన్ చేస్తారు, మీ ట్యాంక్ అడుగు భాగం చదరపు మీటరు కన్నా కాస్త ఎక్కువ అంతే. దీనర్థం స్లాబు కూలిపోతుందని కాదు, బరువు చుట్టూ పంచుకుంటుంది, కానీ హాలు మధ్యలో పెట్టడం వేరు, కింద బీమ్ ఉన్న గోడ వెంబడి, కాలమ్ దగ్గరగా పెట్టడం వేరు. బిల్డర్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగ్ తీసుకుని ఒక ఇంజినీర్‌కి చూపించండి, ఒక్క గంట పని. ఈశాన్యం మూల బీమ్ మీద పడితే వాస్తు, ఇంజినీరింగ్ రెండూ కలిసొచ్చినట్టే, పడకపోతే మాత్రం నేను బీమ్ వైపే ఉంటాను, పెద్దవాళ్లకి మీరే ఏదో ఒకటి చెప్పుకోండి. కిటికీ ఎండ నేరుగా పడకుండా కూడా చూసుకోండి.

గాజు 12 ఎంఎం తీసుకోండి, పైన అడ్డపట్టీలు వేయమనండి. స్టాండ్ ఇనప స్క్వేర్ పైపుతో వెల్డింగ్ చేయించి, పైన ప్లైవుడ్, దాని మీద థర్మాకోల్ షీట్. స్పిరిట్ లెవెల్ పెట్టి నాలుగు వైపులా చూడకుండా నీళ్లు పోయనివ్వకండి, వెల్డర్ "సెట్ అయిపోద్ది సార్" అంటాడు, అవ్వదు.

రాళ్లు ఇసక కన్నా ముందు పెట్టాలి. ఇది చాలామంది తిరగేసి చేస్తారు. మ్బునాలు నోటితో ఇసక తోడతాయి, ఒక మగది ఒక రాయిని తన ఇల్లు అనుకుందంటే దాని కింద గొయ్యి తవ్వుతూనే ఉంటుంది, నోటినిండా తీసుకోవడం, రెండడుగులు ఈది ఉమ్మేయడం, మళ్లీ రావడం. ఇసక మీద నిలబెట్టిన రాయి అయితే ఒకరోజు ఒరిగి గాజుకి తగులుతుంది. అందుకే అడుగున లైట్ డిఫ్యూజర్ షీటు గానీ థర్మాకోల్ గానీ పరిచి, పెద్ద రాళ్లు దాని మీదే కదలకుండా కూర్చోబెట్టి, అప్పుడు చుట్టూ రెండంగుళాల ఇసక పోయండి. రాళ్లకి డబ్బులు పెట్టి కొనక్కర్లేదు, మన చుట్టూ ఉన్నది గ్రానైటే, నీళ్లలో ఏమీ కలవదు, సైట్ల దగ్గర వాచ్‌మన్‌ని అడిగితే ఇస్తాడు. సిమెంట్, రంగు, ఆయిల్ అంటినవి వద్దు. అనుమానం ఉన్న రాయి మీద నాలుగు చుక్కలు వెనిగర్ వేయండి, నురగ వస్తే సున్నపురాయి, వేరే చేపలకి అది ఇబ్బంది గానీ వీటికి దాంతో నష్టం లేదు, పైగా పీహెచ్ పడిపోకుండా ఆపుతుంది. గుహలు, సందులు ఎన్ని ఉంటే అంత మంచిది, చూపు ఆగిపోయేలా ఉండాలి, అంటే ఈ చివర ఉన్న మగదానికి ఆ చివర ఉన్నది కనపడకూడదు.

ఫిల్టర్‌కి సంపు చేయించుకోండి, గంటకి 4000 లీటర్ల పైన తిప్పే పంపు. ఇక్కడ ఒక్క విషయం, కరెంట్ పోయినప్పుడు ఏమవుతుందో ముందే టెస్ట్ చేయాలి. పంప్ ఆగగానే, సంపులోంచి ట్యాంక్‌కి నీళ్లెక్కించే రిటర్న్ పైపులోంచి ట్యాంక్ నీళ్లు వెనక్కి సంపులోకి జారతాయి. పైపుకి నీటిమట్టం కిందే చిన్న కన్నం పెడితే అక్కడికి గాలి దూరి జారడం ఆగుతుంది, అప్పటిదాకా వచ్చే నీళ్లు పట్టేంత ఖాళీ సంపులో ఉండాలి. లేకపోతే అర్ధరాత్రి కరెంట్ పోయినప్పుడు కింద ఫ్లోర్ వాళ్లు వచ్చి బెల్ కొడతారు. ఒక ఎయిర్ పంపు ఇన్వర్టర్ లైన్‌కి పెట్టండి, అది తప్పనిసరి.

నీళ్లు పోశాక చేపలు తేవడానికి నెల, నెలన్నర ఆగాలి, అమోనియాని తినే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో పెరగడానికి అంత టైమ్ పడుతుంది. మీ నీళ్లకి ఇది ఇంకా ముఖ్యం, ఎందుకో చెప్తాను. చేప వదిలే అమోనియాలో విషం ఎంత అనేది పీహెచ్‌ని బట్టి, వేడిని బట్టి ఉంటుంది. నీళ్లు 30 డిగ్రీలు ఉన్నప్పుడు పీహెచ్ 7 దగ్గర అందులో ఒక శాతం లోపే విషపు రూపంలో ఉంటుంది, అదే 8.2 దగ్గర పది శాతం దాటుతుంది. అంటే పీహెచ్ తక్కువున్న నీళ్లతో పెంచేవాళ్లు "మేం మొదటి రోజే వేశాం, ఏం కాలేదు" అన్నది మీకు పనికిరాదు. అమోనియం క్లోరైడ్, అదే కళాయి పోసేవాళ్ల దగ్గర ఉండే నవాసాగరం, ల్యాబ్ కెమికల్స్ షాపులో శుభ్రమైనది దొరుకుతుంది, అది చిటికెడు వేస్తూ అమోనియా, నైట్రైట్ కిట్లతో టెస్ట్ చేస్తూ ఉండండి. ముందు అమోనియా, తర్వాత నైట్రైట్ (అమోనియా నుంచి బ్యాక్టీరియా చేసేది, అదీ విషమే) పెరిగి, చివరికి ఈరోజు వేసిన అమోనియా రేపటికల్లా రెండూ సున్నా అయిపోతే ఫిల్టర్ రెడీ. తెలిసినవాళ్ల పాత ఫిల్టర్ స్పాంజ్ దొరికితే సగం టైమ్ తగ్గుతుంది.

ఇప్పుడు చేపలు. షాపుల్లో "మిక్స్ ఆఫ్రికన్స్" అని ఒక ట్యాంక్‌లో అంగుళంన్నర పిల్లలు అమ్ముతారు, ఎక్కువ చెన్నై కొళత్తూరు వైపు నుంచి వచ్చే సరుకు. చూడ్డానికి నీలం, పసుపు, నారింజ అన్నీ ఉంటాయి, చవక కూడా. సమస్య ఏంటంటే అందులో ఆరాటస్, కెన్యీ లాంటి గొడవ పెట్టే రకాలు కచ్చితంగా నాలుగైదు ఉంటాయి, పిల్లప్పుడు అందరికన్నా అందమైనవి అవే. ఆరాటస్ పిల్ల పసుపు మీద నల్ల చారలతో బొమ్మలా ఉంటుంది, పెరిగాక మగది నల్లబడి ట్యాంక్ మొత్తం నాదే అంటుంది, ఓడిపోయినవి ఫిల్టర్ పైపు వెనక నీటి పైఅంచున వణుకుతూ నిలబడతాయి. వాటిని ఆ మూలలో చూశారంటే రెండ్రోజుల్లో ఒకటి పోయిందనే లెక్క.

నా సలహా మూడు రకాలు, రకానికి పది పన్నెండు పిల్లలు: ఎల్లో ల్యాబ్ (పసుపుది), రస్టీ (తుప్పు రంగుది), ఎల్లో టెయిల్ ఏసీ (నీలం ఒంటికి పసుపు తోక). ముగ్గురూ మ్బునాల్లో మెతక స్వభావం ఉన్నవాళ్లే, రంగులు వేరు కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకోటి తన పోటీదారు అనుకోదు. ఏసీలు మధ్యలో, పైన గుంపుగా తిరుగుతాయి, మిగతావి రాళ్లని పట్టుకుని ఉంటాయి, ట్యాంక్ అంతా నిండుగా కనిపిస్తుంది. రెడ్ జీబ్రా కూడా కావాలనిపిస్తుంది, కానీ అది ఎల్లో ల్యాబ్‌తో క్రాస్ అవుతుంది, తర్వాత పుట్టేవి ఏంటో ఎవరికీ తెలీదు. నాలుగో రకంగా డెమసోనీ బాగుంటుంది గానీ పన్నెండుకి తగ్గితే వాటిలో అవే చంపుకుంటాయి.

పెరిగాక మగవి బయటపడతాయి, అప్పుడు ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి మిగిలేలా ఎక్కువైన మగవాటిని షాపుకి ఇచ్చేయండి. మొత్తం 30 దాకా ఉంచొచ్చు. మామూలు లెక్కకి ఇది ఎక్కువే, కానీ తక్కువ ఉంటే బలమైనది ఒకదాన్నే పట్టుకుని తరుముతుంది, ఎక్కువ ఉంటే కోపం పదిమందికి పంచుతుంది. అందుకే ఫిల్టర్ పెద్దది చెప్పాను. ఇంకోటి, అన్నీ పిల్లలుగా ఒకేసారి వేయడం బెస్ట్, సెటిలైన ట్యాంక్‌లోకి ఆర్నెల్ల తర్వాత ఒక్కటి తెచ్చి వేస్తే దాని పని అయిపోయినట్టే. వేయాల్సే వస్తే రాళ్ల అమరిక మార్చేసి, లైట్లు ఆపి వేయండి, ఎవరి ఇల్లు ఏదో అందరూ మొదట్నించి వెతుక్కుంటారు.

ఆడది గుడ్లు పెట్టి నోట్లో పెట్టుకుంటుంది, ఇది చూడ్డానికే చాలామంది ఇవి పెంచుతారు. మగది ఒళ్లంతా ఝల్లుమనిపిస్తూ వణుకుతుంది, దాని కింద రెక్క మీద గుడ్లలాంటి పసుపు చుక్కలుంటాయి, ఆడది గుడ్డు పెట్టి, వెంటనే నోట్లోకి తీసుకుని, ఆ చుక్కల దగ్గర మూతి పెడుతుంది, గుడ్లు నోట్లోనే ఫలదీకరణం అవుతాయి. తర్వాత మూడు వారాల దగ్గర దగ్గర తిండి మానేస్తుంది, గొంతు సంచిలా దిగి ఉంటుంది, ఏదో నమిలినట్టు దవడ కదుపుతూ ఉంటుంది. మేత వేసినప్పుడు రాకుండా ఒకటి వెనక నిలబడిందంటే దాని గొంతు చూడండి, జబ్బనుకుని మందులు పోసేయకండి.

మేత విషయంలో చేయి బిగించాలి. స్పైరులినా (ఒక రకం పాచి) ఉన్న పెల్లెట్స్ రోజుకి ఒకటి రెండుసార్లు, నిమిషంలో తినేసేంత. బ్లడ్‌వార్మ్స్ (ఎర్ర పురుగులు), మాంసం పెట్టకండి, పాచి తినే చేపల పేగు పొడుగ్గా ఉంటుంది, ఆ తిండి పడదు, కడుపు ఉబ్బి, తెల్లటి దారంలా విసర్జిస్తూ చచ్చిపోతాయి.

మే నెల గురించి భయపడకండి. నీళ్లు 32 దాటితే మూత తీసి, నీటి మీదుగా చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, హైదరాబాద్ పొడి ఎండకి ఇది బాగా పనిచేస్తుంది, వైజాగ్‌లో మా బావమరిది ఉక్కపోతలో ట్రై చేస్తే పెద్దగా లాభం లేదు. ఆవిరైన నీళ్ల బదులు మాత్రం బోరు నీళ్లు కాకుండా వంటింటి ఆర్వో నీళ్లు పోయండి, ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పులు ట్యాంక్‌లోనే ఉండిపోతాయి. ఆర్వో అవసరం మీకు అంతవరకే.

పిల్లలు ఎక్కువైతే షాపుకి ఇవ్వండి లేదా తోటి పెంపకందార్లకి పంచండి, చెరువులో మాత్రం వదలకండి, తిలాపియా కూడా సిక్లిడ్డే, మన చెరువుల్లో అదేం చేసిందో చేపలు పట్టేవాళ్లని అడగండి.

సంక్రాంతికి ఊరెళ్తే ఎలా అని చివర్లో అడిగారు కదా. పెరిగిన చేపలు వారం తినకపోయినా ఏం కాదు. పక్కింటివాళ్లకి మేత డబ్బా ఇచ్చి వెళ్లకండి, జాలిపడి గుప్పెడు గుప్పెడు పోస్తారు. ఎయిర్ పంపు బుడగలు వస్తున్నాయా లేదా అని రోజూ ఒక్కసారి చూడమని చెప్పి తాళాలు ఇవ్వండి చాలు. ఇంజినీర్ ఏం చెప్పాడో, నైట్రేట్ ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి, దాన్ని బట్టి మిగతాది మాట్లాడుకుందాం.