రీసెర్చ్ జె-1, రెసిడెన్సీ జె-1: రెండేళ్ల నిబంధన ఎవరికి?

మీరు రెండు విషయాలు అడిగారు. ఎంబీబీఎస్ పూర్తి చేసిన మీ చెల్లెలు అమెరికా విశ్వవిద్యాలయం ఇస్తానన్న రీసెర్చ్ పోస్టులో చేరాలా, రెసిడెన్సీ (ఆసుపత్రిలో చేసే స్పెషాలిటీ శిక్షణ) సీటు మ్యాచ్‌లో దొరికేదాకా ఆగాలా అన్నది మొదటిది. జె-1 (ఎక్స్చేంజ్ విజిటర్ వీసా) మీద వెళ్లినవారు ఆ తరువాత రెండేళ్లు ఇండియాలో గడపక తప్పదన్న మాట నిజమా అన్నది రెండోది. నేను జె-1 మీదే ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ చేసి, ఆపై వెయివర్ (ఆ రెండేళ్ల నిబంధన నుంచి మినహాయింపు) మీద ఒక పల్లె ప్రాంతపు ఆసుపత్రిలో పనిచేశాను కనుక రెండోదానితో మొదలుపెడతాను.

పాస్‌పోర్టులో రీసెర్చ్, రెసిడెన్సీ రెండింటివారికీ జె-1 అనే ఉన్నా, అసలు చూడవలసింది స్పాన్సర్ సంస్థ ఇచ్చే డీఎస్-2019 పత్రంలోని కేటగిరీని. రెసిడెన్సీ, ఫెలోషిప్ చేసే వైద్యులకు, విదేశీ వైద్య పట్టభద్రుల అర్హతను ధ్రువీకరించే అమెరికా సంస్థ ఈసీఎఫ్‌ఎంజీ స్పాన్సర్‌గా ఉంటుంది. వారందరికీ అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలోని 212(ఇ) సెక్షన్ వర్తిస్తుంది. స్వదేశంలో రెండేళ్లు గడిపేదాకా, లేదా వెయివర్ పొందేదాకా హెచ్-1బి గానీ గ్రీన్ కార్డు గానీ రావు. జె-2 మీద వెళ్లిన కుటుంబ సభ్యులకూ ఇదే నిబంధన. రీసెర్చ్ స్కాలర్ సంగతి వేరు. ప్రభుత్వ నిధులు అందినప్పుడో, వారి రంగం స్వదేశానికి అవసరమైన నైపుణ్యాలంటూ అమెరికా ప్రకటించే స్కిల్స్ లిస్ట్‌లో ఉన్నప్పుడో మాత్రమే ఆ నిబంధన వర్తించేది. 2024 డిసెంబర్ 9న ఆ జాబితాను సవరించినప్పుడు అందులోంచి భారతదేశాన్ని తీసేశారు కనుక, ఇప్పుడు మీ చెల్లెలి విషయంలో తేల్చుకోవలసింది నిధులు ఎవరివన్నదే. వీసా మీద ముద్రించే వాక్యమే తుదిమాట కాదు; అనుమానం ఉంటే అమెరికా విదేశాంగ శాఖను అడ్వయిజరీ ఒపీనియన్ కోరవచ్చు.

ఇక రెసిడెన్సీ దారిలో కాగితాల పని ఇక్కడే మొదలవుతుంది. మన కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుంచి, ఆ స్పెషాలిటీ వైద్యులు దేశానికి అవసరమని తెలిపే లేఖ, స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ తెచ్చుకోవాలి. అందులో స్పెషాలిటీ పేరు ఉంటుంది కనుక, తరువాత కార్డియాలజీ వంటి ఫెలోషిప్‌కు వెళితే మళ్లీ కొత్త లేఖ కావాలి. శిక్షణ సాధారణంగా ఏడేళ్లకు మించకూడదు. స్పాన్సర్‌షిప్‌ను ఏటా పునరుద్ధరించుకోవాలి.

వెయివర్ గురించి మనవాళ్లలో చాలా అపోహలున్నాయి. మన ప్రభుత్వం అభ్యంతరం లేదని రాసిస్తే చాలునన్న దారి ఇతర జె-1 వారికి ఉంది గానీ, రెసిడెన్సీ చేసిన వైద్యులకు చట్టమే దాన్ని మూసివేసింది. ఎక్కువమంది పట్టుకునేది 1994లో మొదలైన కాన్రాడ్ కార్యక్రమాన్ని. ప్రతి రాష్ట్రం ఏటా 30 మంది వరకు సిఫార్సు చేయవచ్చు; వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో హెచ్-1బి మీద మూడేళ్లు పూర్తికాలం పనిచేయాలి. ఆ హెచ్-1బి లాటరీ పరిధిలోకి రాకపోవడం పెద్ద ఊరట. కొన్ని రాష్ట్రాల్లో స్థానాలు ఇట్టే నిండిపోతాయి, మరికొన్నింట ఏడాది గడిచినా మిగిలిపోతాయి. అందుకే చుట్టాలున్న నగరం కాకుండా, స్థానాలు దొరికే రాష్ట్రం చూసుకొమ్మని నేను మా జూనియర్లకు చెబుతుంటాను. పలు రాష్ట్రాల దరఖాస్తులు శరదృతువులో మొదలవుతాయి కనుక, మూడేళ్ల రెసిడెన్సీలో చివరి ఏడాది మొదలయ్యేనాటికే ఉద్యోగ ఒప్పందం చేతిలో ఉండాలి. నా ఒప్పందాన్ని సంతకానికి ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుకు చూపించాను, ఆ ఖర్చు దండగ కాలేదు.

చాలామందికి ఆలస్యంగా తెలిసే చిక్కు ఒకటుంది. వెయివర్‌కు విదేశాంగ శాఖ అనుకూలంగా సిఫార్సు చేశాక జె-1 పొడిగింపు ఉండదు. అందువల్ల ఫెలోషిప్ చేసే ఆలోచన ఉంటే దాన్ని జె-1 మీదే ముగించి, ఆ తరువాతే వెయివర్‌కు వెళ్లడం మేలు. రెసిడెన్సీనే హెచ్-1బి మీద చేస్తే ఈ గొడవ ఉండదు గానీ, అందుకు అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ స్టెప్ 3 ముందే పూర్తి కావాలి, పైగా ఆ వీసా ఇప్పించే ప్రోగ్రాములు తక్కువ.

ఇక మీ మొదటి ప్రశ్న. రీసెర్చ్ జె-1 మీద వైద్యం చేయడానికి వీల్లేదు. పరిశోధనలో భాగంగా, పర్యవేక్షణలో జరిగే నామమాత్రపు రోగి పరిశీలన వరకే అనుమతి. ఆ కార్యక్రమం ముగిశాక 24 నెలలపాటు మళ్లీ రీసెర్చ్ స్కాలర్‌గా రాకూడదన్న నిషేధం ఉన్నా, అది రెసిడెన్సీ జె-1కు అడ్డు కాదు. కాబట్టి ఆ ల్యాబ్ ఆమె కోరుకునే స్పెషాలిటీకి దగ్గరగా ఉంటే చేరమనే నా సలహా. అయితే డీఎస్-2019 తయారుకాక ముందే, జీతం ఏ నిధుల నుంచి వస్తుందో, అందులో ప్రభుత్వ వాటా రెండేళ్ల నిబంధనను తెచ్చిపెడుతుందో లేదో విశ్వవిద్యాలయపు ఇంటర్నేషనల్ ఆఫీసును ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకొమ్మనండి.