యాంగ్–మిల్స్ సమస్య కోసం ఇంజనీరింగ్ వదులుకోవాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఇక్కడి ఎన్‌ఐటీలో కంప్యూటర్ సైన్స్ సీటు వస్తే చాలని మేమనుకుంటుంటే, తను మాత్రం పది లక్షల డాలర్ల బహుమతి ఉన్న యాంగ్–మిల్స్ సమస్యపై పరిశోధన చేస్తానంటోంది. ఆ దారిలో బతుకుదెరువు ఉంటుందా? – ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న సమస్య చాలా గట్టిది. పరమాణు కేంద్రకాన్ని విడిపోకుండా పట్టి ఉంచే బలానికి సంబంధించిన నేటి సిద్ధాంతమంతా 1954లో చెన్ నింగ్ యాంగ్, రాబర్ట్ మిల్స్ రాసిన సమీకరణాల మీద నిలబడి ఉంది. ఆ సమీకరణాల్లో బలాన్ని మోసే కణాలైన గ్లుఆన్‌లకు ద్రవ్యరాశి లేదు. అయినా వాటితో ఏర్పడగల ప్రతి కణానికీ సున్నా కంటే ఎక్కువైన ఒక కనిష్ఠ ద్రవ్యరాశి ఉండి తీరుతుందని భౌతిక శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ప్రోటాన్‌లోని మూడు క్వార్కుల (దాన్ని నిర్మించే మూల కణాల) ద్రవ్యరాశులు కలిపినా మొత్తంలో సుమారు ఒక శాతమే అవుతుందని, మిగిలినదంతా ఈ బలక్షేత్రపు శక్తి, క్వార్కుల కదలికల నుంచే వస్తుందని తెలిస్తే, విషయం ఎంత లోతైనదో మీకు అర్థమవుతుంది. సూపర్ కంప్యూటర్లపై చేసిన లెక్కలు ప్రయోగాలతో సరిపోతున్నాయి. లేనిది గణిత నిరూపణ: నాలుగు మితుల్లో (స్థలానివి మూడు, కాలానిది ఒకటి) ఇలాంటి క్వాంటం సిద్ధాంతం నిర్దుష్టంగా ఉందని, అందులో ఆ కనిష్ఠ ద్రవ్యరాశి ఉందని రెండూ చూపాలి. ఈ సమస్యతో కలిపి క్లే గణిత సంస్థ 2000లో ఇలాంటి బహుమతులతో ప్రకటించిన ఏడు సమస్యల్లో ఇప్పటికి తేలింది ఒక్కటే; దాన్ని సాధించిన రష్యన్ గణితజ్ఞుడు పెరెల్మాన్ 2010లో ఆ సొమ్మే వద్దన్నారు. కనుక బహుమతిని ఇంటి లెక్కల్లో వేయకండి.

ఈ ఒక్క సమస్య కోసమే పీహెచ్‌డీ సీటు ఇచ్చేవారు దాదాపు ఉండరు. విద్యార్థులకు రెండు, మూడు మితుల్లోని నమూనాలు, సంభావ్యతా సిద్ధాంతం, జ్యామితి వంటి పక్క దారుల్లోనే పని దొరుకుతుంది. వాటన్నింటికీ మూలం నిరూపణ రాయడం. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించే మన పిల్లలకు, ఒకే ప్రశ్నతో సాయంత్రమంతా కూర్చోవడం కొత్త. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ల పాత ప్రవేశ ప్రశ్నపత్రాలు కొన్ని ఆమె ముందు పెట్టండి. జవాబు రాకపోయినా లేవకుండా కూర్చుంటే, ఆమె ఆసక్తి నిజమైనదే.

చెన్నై సంస్థలో గణితం, భౌతికశాస్త్రం కలిపి చదివే బీఎస్సీ ఆనర్స్ ఉంది. ఈ సమస్యకు అంతకంటే దగ్గరి డిగ్రీ మన దేశంలో అరుదు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బెంగళూరు కేంద్రంలో బీ.మ్యాథ్, తిరుపతిలోని కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యాసంస్థ ఐసర్‌లో బీఎస్–ఎంఎస్ కూడా చూడవచ్చు. ఎన్‌ఐటీలో చేరినా దారి మూసుకుపోదు, ఎందుకంటే బీటెక్ తర్వాత ముంబయిలోని టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) ప్రవేశ పరీక్ష రాయవచ్చు; అయితే నాలుగేళ్లూ గణితాన్ని సొంతంగా చదువుకోవాలి, అది చాలామంది వల్ల కాదు.

డబ్బు సంగతి దాచను. పీహెచ్‌డీ విద్యార్థులకిచ్చే సీఎస్ఐఆర్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపై 42,000 వస్తుంది. స్థిరమైన అధ్యాపక ఉద్యోగం మాత్రం ముప్పై దాటాకే ఆశించాలి. మధ్యలో మనసు మారితే డేటా, ఫైనాన్స్ రంగాలు ఈ చదువున్నవారిని తీసుకుంటాయి.

ప్రస్తుతానికి జేఈఈ ప్రిపరేషన్ ఆపనివ్వకండి, చెన్నై, బెంగళూరు దరఖాస్తులు మాత్రం తప్పక వేయించండి. ఫలితాలన్నీ చేతికి వచ్చాకే ఆమెతో కూర్చుని నిర్ణయించండి.