పాత గడియారాలు – మీ ప్రశ్నలు, మా జవాబులు
ఈసారి: రైల్వే జేబు గడియారాల డయళ్లు

ప్రశ్న: మా తాతగారు వాల్తేరులో బీఎన్నార్ (బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే) గార్డుగా పనిచేశారు. ఆయన వాల్తమ్ జేబు గడియారం ఇప్పుడు నా దగ్గరుంది. డయల్ పాలలా తెల్లగా ఉంది, దాని మీద ‘వాల్తమ్’ అని మాత్రమే రాసి ఉంది. లోపలి మెషిన్ మీద మాత్రం ‘ఏ.డబ్ల్యు.డబ్ల్యు.కో.’ అని చెక్కి ఉంది. వందేళ్ల డయల్ ఇంత తెల్లగా ఉండదని, ఎవరో మార్చేసి ఉంటారని మా బంధువు ఒకాయన అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, దొండపర్తి

జవాబు: అమ్మా, తెల్లగా ఉందని బెంగ పెట్టుకోకండి. ఆ కాలం డయల్ పింగాణీది. పల్చటి రాగి రేకు మీద తెల్ల గాజు పొడి పరిచి, కొలిమిలో కాల్చి చేస్తారు. అంకెలు కూడా అలాగే కాల్చినవే. అది వందేళ్లు కాదు, ఇంకో వందేళ్లయినా తెల్లగానే ఉంటుంది. పసుపెక్కేవి, మచ్చలు తేలేవి లోహం మీద రంగు వేసిన డయళ్లూ కాగితం డయళ్లూను. మీ బంధువు అలాంటివి చూసి ఉంటారు.

డయల్ అసలుదా కాదా అన్నది ముఖం చూసి తేల్చేది కాదు. ముందు మెషిన్ చూడాలి. పూర్ణా మార్కెట్ దగ్గర మా నాన్నగారి బల్ల ముందు కూర్చుని పని నేర్చుకున్న రోజుల నుంచీ నాది ఇదే పద్ధతి. మీ గడియారం కంపెనీ పేరు 1885 నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్ల దాకా అమెరికన్ వాల్తమ్ వాచ్ కంపెనీ. 1907 నాటికి అది వాల్తమ్ వాచ్ కంపెనీ అయింది. కాబట్టి మీ మెషిన్ మీద చెక్కినవి పాత పేరు పొడి అక్షరాలు. ఆ రోజుల డయళ్ల మీద కూడా ఆ పొడి అక్షరాలో, ‘అమెరికన్ వాల్తమ్’ అనో తరచు కనిపిస్తాయి. సాదాగా ‘వాల్తమ్’ అని ఉన్నవి ఎక్కువగా తర్వాతి కాలానివి. ఇక్కడ అనుమానం రావడం సబబే. కానీ పేరు ఒక్కటే చూసి నేను తీర్పు చెప్పను. మెషిన్ మీద ఉన్న నంబరుతో తయారైన ఏడాది తెలుస్తుంది, వాల్తమ్ నంబర్ల పట్టికలు దొరుకుతాయి. కేసు, అంటే బయటి డొల్ల, మీది నంబరు చూసి కంగారు పడకండి. ఆ రోజుల్లో అమెరికాలో ఎక్కువగా మెషిన్ ఒక కంపెనీది, కేసు ఇంకో కంపెనీది. దుకాణంలో రెండూ కలిపి ఇచ్చేవారు. ఆ రెండు నంబర్లూ కలవవు, కలవాల్సిన పనీ లేదు.

ఇప్పుడు ఐగ్లాసు (కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టుకుని సెకన్ల చిన్న డయల్ చూడండి. మంచి గడియారాల్లో అది విడిగా చేసి, పెద్ద డయల్‌కి కోసిన గుండ్రంలో కాస్త లోతుగా కూర్చోబెట్టి, వెనక నుంచి టంకం పెట్టినది. ఇంకా మేలు రకాల్లో మధ్య భాగం కూడా ఇలాగే దిగి ఉంటుంది, అంటే మొత్తం మూడు ముక్కలు. పొద్దుటి ఎండకి ఏటవాలుగా పట్టుకుంటే ఆ మెట్టు దగ్గర సన్నటి నీడ పడుతుంది. నీడ లేకుండా ఊరికే గీత కనిపిస్తే అది అచ్చు వేసిన గీత. ఆ మెట్టు అంచున గాజు కొద్దిగా గుండ్రంగా, మెత్తగా వంగి ఉంటుంది. దాన్ని చూస్తున్నప్పుడల్లా నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అంత పల్చటి రేకు కొలిమిలో వంకర పోకుండా తీయడం మాటలు కాదు.

తర్వాత సెకన్ల ముల్లు. అది చిన్న డయల్ కన్నానికి సరిగ్గా మధ్యలోంచి పైకి రావాలి. ఒక పక్కకి ఒరుసుకుంటోందంటే ఆ డయల్ వేరే మోడల్‌ది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం డయల్ వెనక ఉన్న రాగి కాళ్లు. అవి మెషిన్ పళ్లెంలోని కన్నాల్లో దిగితే, పక్క నుంచి చిన్న మరలు పట్టుకుంటాయి. కంపెనీ ఒకటే అయినా మోడల్ మారితే కాళ్ల చోటు మారుతుంది. కాళ్లు విరిచేసి జిగురుతో అంటించారంటే ఆ డయల్ ఈ మెషిన్‌కి పుట్టలేదు. ఇది చూడాలంటే ముళ్లు తీయాలి. ఆ పని ఇంట్లో చేయకండి, తెలిసిన వాచీ మేకరు చేత చేయించండి.

కాళ్లు సరిగ్గా దిగి, పేరు మాత్రం తర్వాతి కాలానిది అయితే? అప్పుడు అది డ్యూటీలో ఉండగా పగిలితే అదే కంపెనీ డయల్ తెచ్చి వేసింది అయి ఉండొచ్చు. నా లెక్కలో అది సరైన డయలే. ఆ గడియారం పని చేసిన బతుకులో అదీ ఒక భాగం. దాన్ని పీకి ‘పాత పేరు’ డయల్ కోసం వెతకమని నేను చెప్పను.

ప్రశ్న: ఒకాయన రెండు గడియారాలు చూపించి రెండూ అమెరికా రైల్‌రోడ్ వాచీలే అంటున్నారు. ఒకదాని డయల్ మీద రంగుల ఆవిరి ఇంజిన్ బొమ్మ, రోమన్ అంకెలు ఉన్నాయి. రెండోదానికి బయట 5 నుంచి 60 దాకా పెద్ద నల్ల అంకెలు, లోపల చిన్న ఎర్ర గంటల అంకెలు. ఏది కొనొచ్చు?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఇంజిన్ బొమ్మ ఉన్నదాన్ని వదిలేయండి. 1891లో ఒహాయో రాష్ట్రం కిప్టన్‌లో రెండు రైళ్లు ఢీకొన్నాక, అక్కడి రైల్వేలు గడియారాల మీద గట్టి నిబంధనలు పెట్టాయి. మూత లేని కేసు, కీ తిప్పే గుండీ 12 దగ్గర, మెషిన్‌లో ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు కనీసం 17, వారానికి 30 సెకన్లకు మించని తేడా. డయల్ తెల్లగా, అంకెలు లావుగా నల్లగా ఉండాలి. ఇంజిన్ డ్రైవరు ఊగుతున్న వెలుతురులో ఒక్క చూపులో టైం చదవాలి కదా, అక్కడ బొమ్మకి చోటెక్కడిది? ఇంజిన్ బొమ్మలు చవక స్విస్ గడియారాల మీద వచ్చేవి. పైగా ఇప్పుడు కొత్తగా అచ్చేసిన కాగితం డయళ్లు కూడా అంటిస్తున్నారు. ఐగ్లాసులో చూస్తే రంగు చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. కాల్చిన పింగాణీ మీద చుక్కలుండవు.

రెండోది ఫెర్గూసన్ డయల్ అంటారు, 1908లో పేటెంట్ అయింది. నిమిషాలకే పెద్దపీట వేసిన డయల్ అది. డ్రైవర్లకి పెద్దగా అలవాటు కాలేదు, అందుకే తక్కువగా దొరుకుతుంది, ధర ఎక్కువ పలుకుతుంది. ధర ఎక్కువ కాబట్టే మామూలు డయల్ తీసేసి ఇది బిగించి అమ్మేవాళ్లున్నారు. మెషిన్ నంబరు 1908కి బాగా ముందుదైతే ఆ డయల్ తర్వాత వచ్చి చేరినట్టే. వెనక మూత తీసి నంబరు చూపించమనండి. చూపించకపోతే లేచి వచ్చేయండి. ఒక జాగ్రత్త: బయట 1 నుంచి 12, లోపల ఎర్రగా 13 నుంచి 24 ఉంటే అది ఫెర్గూసన్ కాదు, 24 గంటల డయల్. రెండూ ఎరుపే కాబట్టి ఫొటోలో పొరబడతారు.

ప్రశ్న: నా గడియారం డయల్ మీద 4 నుంచి మధ్య దాకా వెంట్రుకలా నల్లటి బీట ఉంది. కొత్త డయల్ అచ్చు వేయించి ఇస్తామంటున్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, మర్రిపాలెం

జవాబు: వద్దు. బీట పడిన అసలు డయల్ ముందు కొత్త అచ్చు డయల్ ఎందుకూ కొరగాదు. మీకు కనిపిస్తున్న నలుపు బీట కాదు, అందులో చేరిన మురికి. ముళ్లు, డయల్ తీయించి, గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు చుక్క వేసి కాసేపు నానబెట్టి, మెత్తటి కుంచెతో తుడిస్తే చాలావరకు పోతుంది. ఇత్తడికి వాడినట్టు చింతపండు, నిమ్మకాయ వాడకండి. పులుపుకి గాజు మెరుపు పోతుంది. దుకాణం పేరు ఏదైనా డయల్ మీద ఉంటే అక్కడ కుంచె ఆనించకండి, అలాంటివి కొన్ని కాల్చకుండా పైన అచ్చు వేసినవి, చెరిగిపోతాయి. తిరిగి బిగించేటప్పుడు కాళ్ల మరలు ఆనేదాకే తిప్పమనండి. ఎక్కువ బిగిస్తే అక్కణ్నుంచే ఇంకో బీట మొదలవుతుంది. మన విశాఖ ఉప్పుగాలికి ఉక్కు ముళ్లు తుప్పు పట్టి, ఆ తుప్పు మధ్య కన్నం చుట్టూ డయల్ మీదకి దిగుతుంది. ముళ్లు ఎలాగూ తీస్తారు కాబట్టి వాటినీ శుభ్రం చేయించండి.